అడ్డం

"అడ్డం లెగవే," అన్నాడు యేసుపాదం మాస్టారు.

టీ గ్లాసులు పట్టుకున్న ఎస్తేరు గోడవారకు జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మొగుడి నోటినుంచి ఆమె అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట అదే. టీవీ ముందునుంచి పోతే, ఆయన పేపరుకు నీడ పడితే, చీపురు ఆయన కాళ్ళదాకా వస్తే, అదే మాట. చెవిన పడకముందే ఒళ్ళు పక్కకు తప్పుకోవడం అలవాటైపోయింది.

పట్టపగలే ముందుగదిలో చీకటి చేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టింది ఎస్తేరే. బల్ల మీద రెండు ప్రొజెక్టర్లు. ఇంట్లోనే వేసి చూసి, నచ్చింది ఉంచుకోమని నరసరావుపేట బజారులోని కొట్టునుంచి ఖలందర్ పట్టుకొచ్చాడు. కొడుకు ప్రవీణ్ కుమార్ నెల రోజులుగా ఫోనులో వీటినే పోల్చి చూస్తున్నాడు. వాడికి క్రికెట్టు కావాలి. మాస్టారికి బుధవారం కుటుంబ ప్రార్థనలో పాటల సాహిత్యం గోడ మీద పెద్దక్షరాలతో పడాలి.

"దీనికి వెలుగు ఎక్కువ మాస్టారూ," అన్నాడు ఖలందర్ మొదటిది చూపిస్తూ. "కాకపోతే పన్నెండడుగుల దూరం కావాలి. ఫ్యాను కాస్త మోత చేసిద్ది."

"పన్నెండడుగులంటే అమ్మ మంచం తీయాల్సిందే నాన్నా," అన్నాడు ప్రవీణ్. "వంటింటి వసారాలో వేస్తే సరిపోద్ది."

"ఏసుకుంటది. ఆమెకేంది," అన్నాడు మాస్టారు.

ఏసుకోవాల్సిన మనిషి వాళ్ళకు రెండడుగుల దూరంలోనే ఉంది. టీ అందిస్తోంది.

రెండోదాని కాగితం బల్ల చివర పడి ఉంటే ఎస్తేరు తీసి చదివింది. కొట్టువాళ్ళు తెలుగులో అచ్చు వేయించిన కాగితం. ఆమె చదువు బడిలో వచ్చింది కాదు. మొగుడు ముప్పై ఏళ్ళు ఊళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించాడు గాని ఇంట్లో పెళ్ళానికి దిద్దించలేదు. "ఇప్పుడు చదివి ఏ ఊరేలతావే?" అన్నాడు ఒకసారి. మళ్ళీ ఆమె అడగలేదు. కూతురు నిరోష రోజూ ఇప్పుడు బొమ్మ వేస్తున్న గోడవారనే కూర్చుని పైకి చదివేది, జడ వేయడం అయ్యాక నూనె తలను ఆ గోడకే ఆనించేది. చదివే పిల్ల తలకు నూనె పెడుతూ, చిక్కు తీస్తూ, జడ వేస్తూ, భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసి ఒక్కొక్క అక్షరమే పట్టుకుంది ఎస్తేరు. పిల్ల పదో తరగతికి వచ్చేసరికి తల్లికి బైబిలు చదవడం వచ్చేసింది. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

కాగితంలో ఇలా ఉంది: గోడ మీద అడ్డు ఏదైనా ఉంటే యంత్రం దానంతటదే గుర్తుపట్టి, బొమ్మను తగ్గించి, ఆ అడ్డును తప్పించి వేస్తుంది.

ఖలందర్ రెండోది ఆన్ చేశాడు. గోడంతా తెల్లగా వెలిగింది. గీతలేవో పడ్డాయి, పోయాయి. అంత పెద్ద బొమ్మ ఉన్నట్టుండి ముడుచుకుని కుడిపక్కకు, పైకి జరిగి నిలబడింది. ఎడమవైపు కింద గోడ ఖాళీగా ఉండిపోయింది.

"ఇదేంది, బొమ్మ చిన్నదైపోయింది?" అన్నాడు మాస్టారు.

"ఆ కింద ఏదో ఉంది మాస్టారూ. మిషను దాన్ని తప్పించి వేస్తంది."

"అక్కడేమీ లేదు."

ఖలందర్ వెళ్ళి వంగి చూశాడు. "మరక. నూనె మరకలాగుంది."

ప్రవీణ్ ఫోనులోకి చూసుకున్నాడు.

ఎస్తేరు అటు చూసింది. కూర్చున్న ఆడపిల్ల తల ఎంత ఎత్తున ఆనుతుందో అంత ఎత్తున, అరచేయంత మరక. నిరోష వెళ్ళిపోయాక ఫోటోలన్నీ ఆయన తగలబెట్టాడు. పుస్తకాలు పాతకాగితాలవాడికి వేశాడు. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదన్నాడు. ఏటా క్రిస్మస్‌కి సున్నం వేయిస్తే పండగనాటికి గోడ తెల్లగానే ఉండేది. ఎండలు ముదిరేసరికి మరక మెల్లగా పైకి తేలేది. అందరూ చూసేవాళ్ళు. ఎవరూ చూసినట్టు ఉండేవాళ్ళు కారు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, బుద్ధీ జ్ఞానం లేని ఒక యంత్రం, ఇక్కడ ఒకరున్నారని పక్కకు తప్పుకుంది.

"ఆ జరగడం ఆపెయ్యొచ్చా?" అడిగాడు మాస్టారు.

"సెట్టింగుల్లో ఆపొచ్చు. కానీ మరక బొమ్మలో కనబడుద్ది. రంగేయించుకుంటే మంచిది."

"రేపు రంగులేసే హబీబుల్లాని పిలువురా. సున్నం వద్దు. ప్రైమరు కొట్టి పైన రంగేయమను. ఇంక పైకి రాకూడదు."

ఖలందర్ సెట్టింగు ఆపగానే బొమ్మ మళ్ళీ గోడంతా పరుచుకుంది. ఎవరో బౌలరు మరక మీదుగా పరుగెత్తాడు.

ఆ రాత్రి ఎస్తేరు ఆ గోడ వైపు తిరిగి పడుకుంది. చచ్చినవాళ్ళకైతే సమాధి ఉంటుంది. ఏడాదికోసారి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించుకోవచ్చు. బతికున్న పిల్లకు అదీ ఉండదు. నిరోష మాచర్లలోనే ఉందట. బస్సెక్కితే పూట పట్టదు. ఎనిమిదేళ్ళుగా ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకుని ఎక్కుతుంది?

తనకు నచ్చినవాణ్ణి చేసుకున్న రెండు నెలలకు ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. మధ్యాహ్నం ఎండలో గడప ముందు నిలబడింది. లోపలినుంచి ఆయన కేక వేశాడు. "ఏమే, గడపకి అడ్డం నిలబడు. అది లోపలికి రాకూడదు." జీవితమంతా అడ్డం లెగు అన్న మనిషి అడ్డం నిలబడమన్నది ఆ ఒక్కసారే. ఎస్తేరు నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి రెండువైపులా పెట్టి మరీ నిలబడింది. పిల్ల జుట్టు నూనె లేక పీచులా ఉంది. "కొంచెం జరగమ్మా," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఎస్తేరు జరగలేదు. కాసేపు చూసి ఆ పిల్లే వెనక్కి తిరిగింది. ఆయన భయమే తనను నిలబెట్టిందని ఇన్నాళ్ళూ చెప్పుకుంది. చేతులు మాత్రం తనవే కదా.

పొద్దున హబీబుల్లా వచ్చాడు. బకెట్టు దించి, గరుకు కాగితం తీశాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఎస్తేరు వంటింట్లో తలారా స్నానం చేసిన జుట్టు విప్పుకుంది. కొబ్బరినూనె సీసా అరచేతిలోకి వంచింది. మాడుకు అంటింది. ఇంకా వంచింది. చెవుల పక్కగా, మెడ మీదుగా కారేంత పెట్టుకుంది. వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. వయసుతో ఒళ్ళు కుంగిపోయిందేమో, తల సరిగ్గా ఆ మరక మీదే ఆనింది. గోడ చల్లగా ఉంది.

హబీబుల్లా చేతిలో కాగితంతో ఆగిపోయాడు. "పెద్దమ్మా, పని చేసుకోవాల."

"ఏమే, నీకేమన్నా పిచ్చా? అడ్డం లెగు," అన్నాడు మాస్టారు.

ఒళ్ళు అలవాటుగా కదలబోయింది. అరచేతులు నేలకు ఆనించి దాన్ని ఆపుకుంది.

"లెగవను," అంది. "లెగవాల్సిన రోజు లెగవలేదు."