నూనె మామ్మ

దేవకుమారి చూపుడువేలు పిల్లాడి పాపిట్లో దూరి, బయటికొచ్చి, ఎండలో తళతళలాడింది.

“నూనె,” అంది. “పోయి తలంటుకుని రా నాన్నా.”

వాడు మూతి ముడుచుకుని కుళాయి వైపు నడిచాడు. రాజమండ్రిలో తల్లులు మాడుకి నూనె పట్టించకుండా పిల్లల్ని గడప దాటనిస్తారా! ఆ నూనెతో దిగితే ఈతకొలనులో నీళ్ళ మీద తెట్టు కడుతుంది. అందుకని గేటు దగ్గర స్టూలేసి దేవకుమారిని కూర్చోబెట్టారు. భర్త చనిపోయిన ఏడాది కూర్చుంది, ఏళ్ళు గడిచినా ఇంకా లేవలేదు. పొద్దున్నే ధవళేశ్వరం నుంచి ఆటోలో రావడం, బ్లీచింగ్ నీళ్ళతో గచ్చు కడగడం, తలలు తడమడం, చీకటి పడ్డాక పోవడం. బ్లీచింగుకి అరచేతులు బీటలువారాయి. పిల్లలు నూనె మామ్మ అంటారు. దేవకుమారి అన్న పేరు చర్చిలోనే వినపడుతుంది, అదీ ఆదివారాలు.

ఇందాకటి పిల్లాడి అక్క సారిక బెంచీ పక్కన నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుంటాయి. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనకా ఎగ్జిమా ఎర్రగా రేగి ఉంది. తమ్ముడు ఈత నేర్చుకుంటుంటే రోజూ వచ్చి చూస్తుంది, అంతే.

“కూర్చోవే పాపా, కాళ్ళు పీక్కుపోతాయి.”

“వద్దులెండి మామ్మగారూ. నేను కూర్చుంటే మళ్ళీ మీరు బెంచీ కడుక్కోవాలి కదా.”

 నిన్నా మొన్నా దేవకుమారి ఆ బెంచీ కడిగిన మాట నిజమే. అంటుకునే గజ్జేమో, పదిమంది పిల్లలు కూర్చునే చోటు కదా అని భయపడింది. పిల్ల చూడలేదనుకుంది. చూడడమే కాక, కోపమన్నది లేకుండా తనకి పని తగ్గించాలని నిలబడింది. 

“అది అంటుకోదండి,” అంది పక్కనున్న సారిక తల్లి వెంకటదుర్గ. “ఈత కొట్టొచ్చన్నారు డాక్టరుగారు. ముందు ఒళ్ళు కడుక్కుని ఈ ఆయింట్‌మెంట్ దట్టంగా రాసుకుని దిగాలంట. పైకి రాగానే కడిగేసి మళ్ళీ రాయాలంట. జిడ్డు రాసుకుంటే ఇక్కడ దిగనివ్వరు కదండీ. ఆపేది మీరే కదా.”

అవును, తనే. దేవకుమారి స్టూలు మీంచి లేచింది.

“ఇలా ఇయ్యండమ్మా ఆ డబ్బా.”

కుళాయి కింద పిల్ల ఒళ్ళు కడిగి, తెల్లటి ఆయింట్‌మెంట్ వేళ్ళతో తీసి మెడ మీద, చేతుల మీద, మోకాళ్ళ వెనక రాసింది. అన్నేళ్ళూ జిడ్డు వెతికిన చేతులు జిడ్డు రాస్తుంటే ఆమెకే వింతగా ఉంది.

“నా చేతులు గరుకే తల్లీ. మండుతోందా?”

“లేదండి. గోకినట్టు హాయిగా ఉంది.”

దేవకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మెట్ల దగ్గర సారిక ఆమె చెయ్యి వదల్లేదు. వదలకుండానే నడుము దాకా దిగింది, మెడ దాకా దిగింది. చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా దేవకుమారి కూడా ఒక మెట్టు దిగింది. అప్పుడు పిల్ల చెయ్యి వదిలేసి, బుగ్గలు పూరించి, నీళ్ళలో ముఖం ముంచింది. పైకొచ్చి తమ్ముడి మీద నీళ్ళు చిమ్మింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అవతలి బెంచీ మీది తల్లులు గబగబా తమ పిల్లల్ని పైకి లాక్కున్నారు. వాళ్ళలో ఇద్దరు, సూపర్‌వైజర్ హరిబాబు గదిలోకి వెళ్ళారు. కాసేపటికి అతను దేవకుమారిని పక్కకి పిలిచాడు.

“ఏంటండీ ఇది? వాళ్ళంతా నా మీద పడుతున్నారు. ఆ పాపని రేపట్నించి రావద్దని చెప్పేయండి.”

“పాపనెందుకండీ అనడం? రాసింది నేను, దింపింది నేను. నన్ను తీసేశానని చెప్పండి, వాళ్ళు చల్లబడతారు. అది అంటుకోదన్న డాక్టరుగారి మాట కూడా చెప్పండి. పాపని మాత్రం ఆపకండి బాబుగారూ.”

“ఈ వయసులో ఎక్కడికెళ్తారండీ?”

“గచ్చులు లేని ఊరుంటుందా అండీ?”

హరిబాబు బ్యాచీల పుస్తకం తిరగేశాడు.

“వాళ్ళకి మీరన్నట్టే చెప్తాను. పాపని ఆఖరి బ్యాచికి రమ్మనండి,” అన్నాడు. “తర్వాత ఎలాగూ నీళ్ళు శుభ్రం చేస్తాం. నేనుండగా ఆ పాపని ఎవరూ ఆపరు.”

పైకొచ్చిన సారికకి ఒళ్ళు కడిగి మళ్ళీ మందు రాసింది దేవకుమారి.

“రేపు కూడా మీరే రాస్తారా మామ్మగారూ?”

“రేపు మీ అమ్మ రాస్తుందే.”

“అమ్మ చేతులు మెత్తనండి,” అంది సారిక దిగులుగా. దేవకుమారి ఆ తడి తలని పొట్టకి హత్తుకుని వదిలింది. తర్వాత తన దగ్గరున్న గేటు తాళాలు హరిబాబు బల్ల మీద పెట్టి ఆటో ఎక్కింది.

మర్నాడు ఆఖరి బ్యాచికి సారిక వచ్చేసరికి స్టూలు మీద ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది. తల తడిమి, ఒంటి మీది మందు చూసి, ఏమీ అనకుండా లోపలికి పంపింది. సారిక ఆ చివర్నించి ఈ చివరికి కాళ్ళు కొట్టుకుంటూ వచ్చి, గట్టు పట్టుకుని స్టూలు వైపు చూసింది.

సారిక ఒళ్ళు కడుక్కుంటుంటే కొత్తావిడ వచ్చి వెంకటదుర్గతో, “పొద్దున్నే మామ్మగారు వచ్చి ఇచ్చి వెళ్ళారండి. తువ్వాలు గీరుకుంటుంది, పాపని దీంతో అద్దమన్నారు,” అంటూ చేతిలోని గుడ్డని కుళాయి పక్కన మేకుకి తగిలించింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీర ముక్క, దారాలు ఊడకుండా చుట్టూ చేత్తో కుట్టింది.