మీరెవరని అడిగే గేటు

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఆమె ఆ రోజు ఆఫీసులో జరగబోయే పరీక్షను మనసులో మరోసారి నడిపించి చూసుకుంది. ఇంతలో అత్తగారు తలుపు తోసుకొచ్చి, బీరువా తీసి, దుప్పటి లాక్కుని వెళ్ళిపోయారు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి, "అత్తయ్యా, కాస్త తలుపు తట్టండి" అంది. "మనింట్లో మనకి తట్టడాలేంటమ్మా, ఇదేమన్నా హోటలా?" అన్నారావిడ. భర్త నవ్వాడు. మాట పెరుగుతుందని ఆమె కూడా నవ్వేసింది.

ఆమెది కరెంటు కంపెనీలో కంప్యూటర్ల పని. పక్క కంపెనీ యంత్రాలు వీళ్ళ సబ్‌స్టేషన్ల యంత్రాలతో మాట్లాడుకోవాలి. ఇన్నాళ్ళూ అందరికీ ఒకటే పాస్‌వర్డు. అది తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా ఊళ్ళకు ఊళ్ళు చీకటి చేయగలడు. రెండేళ్ళు కష్టపడి ఆమె దానికొక గేటు కట్టింది. పక్క కంపెనీ యంత్రం వస్తే ముందు 'నువ్వెవరు?' అంటుంది. దాని సొంత కంపెనీ సంతకం సరిచూస్తుంది. ఆ తర్వాత 'ఏం పని, ఎంతసేపు?' అంటుంది. మీటరు చూడటానికి వచ్చింది మీట మీద చెయ్యి వేయలేదు.

"ఇంత అనుమానం మనిషివి, ఇంట్లో ఎలా వేగుతున్నారమ్మా నీతో?" అనేవారు పెద్దసారు. గేటు దాటాలనుకునేవాళ్ళ అర్జీలు చదివి మంజూరు చేసే పని ఎవరికీ పట్టకపోతే, దాన్నీ ఆమెకే అంటగట్టారు.

ఆ ఉదయం పరీక్షలో పక్క కంపెనీవాళ్ళ ఎదుట గేటు గట్టిగా నిలబడింది. ఆ ఉత్సాహంలో పెద్దసారు కుర్చీ లాక్కుని ఆ పాత పాస్‌వర్డే కొట్టారు. తెర ఎర్రబడింది.

"నన్నే ఆపిందేంటమ్మా! మన ఆఫీసులో నేనెవరో నేను చెప్పుకోవాలా? పక్కనుంచి చిన్న దారి వదులు, నా ఒక్కడికే."

అందరూ ఆమె వైపే చూశారు. ఆమె పదోన్నతికి సిఫారసు రాయాల్సింది ఆయనే. దారి వదలడం నిమిషం పని. వదిలితే రెండేళ్ళ కష్టం చిల్లుకుండే. ఈసారి ఆమె నవ్వలేదు.

"మీకు వదిలితే, మీలా నటించే ప్రతివాడికీ వదిలినట్టే సార్. అర్జీ పెట్టుకోండి."

"మా ఆఫీసుకీ ఇలాంటి మనిషి కావాలండీ" అంది పక్క కంపెనీ ఇంజనీరమ్మ.

పెద్దసారు గొణుక్కుంటూ అర్జీ నింపారు. అది ఆమె తెర మీదకే వచ్చింది: అన్ని యంత్రాలూ, అన్ని అధికారాలూ, ఎల్లకాలం. ఆమె తీరిగ్గా చదివింది. మూడూ కొట్టేసింది. ఒక సబ్‌స్టేషన్, ఒక గంట, చూడటానికి మాత్రమే అని దిద్ది సంతకం పెట్టింది.

"ఇప్పుడు లోపలికి రండి సార్" అంది.