బ్యాకప్ లేని నాలుగు రోజులు

ఉరవకొండలో బోర్ల నీటిమట్టాలు నమోదు చేసే సంఘం ఒకటుంది. ఆ ఆఫీసులో కంప్యూటర్ మూడోసారి పాడైన రోజు, కార్యదర్శి నరసింహప్ప ఒక తెల్ల కాగితం తీసి సువార్త ముందు పెట్టాడు.

"నా నిర్లక్ష్యం వల్ల వైరస్ వచ్చినాదని రాసి సంతకం పెట్టు. కమిటీకి ఏదో ఒకటి చూపించల్ల గదా" అన్నాడు.

సువార్త పెన్ను తీయలేదు. ముప్పై ఎనిమిది ఊళ్లలో బోర్ల నీళ్లు ఎంత లోతుకు దిగిపోయాయో నెలనెలా కొలిచి తెచ్చిన వివరాలను ఆరేళ్లుగా ఆ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నది ఆమే. శెనక్కాయ చేలల్లో కూలికి పోతూ ఇంటర్ చదివి, ఈ పని తనంతట తానే నేర్చుకుంది. ఈ మధ్య ఫోల్డర్లు ఉన్నట్టుండి మాయమై, వాటి చోట ఉత్త షార్ట్‌కట్లు మిగులుతున్నాయి. నొక్కితే ఏదీ తెరుచుకోదు. ప్రతిసారీ అనంతపురం నుంచి మెకానిక్ విజయభాస్కర్ వస్తాడు. ఫార్మాట్ చేస్తాడు. తన హార్డ్ డిస్కులోంచి బ్యాకప్ మొత్తం తిరిగి ఎక్కించి, ఇక ఢోకా లేదని చెప్పి పోతాడు. అతను పోయాక మళ్లీ మొదలు.

ఆ రోజూ వచ్చిన విజయభాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఫార్మాట్ చేసినాక మిషన్ శుద్ధంగా ఉంటాది సార్. మళ్లీ వస్తాండాదంటే బయట్నుంచి ఎవురో తెస్తాండారు. ఈయమ్మ చర్చి పాటల పెన్‌డ్రైవ్ పెడతాది, నేనే చూసినా."

"పెట్టినా, కాదనను" అంది సువార్త. "అదే తెచ్చిందని నీకెట్ల తెలుసన్నా? ఒక్కసారన్నా దాన్ని తెరిచి చూసినావా?"

"పదేళ్ల నుంచి ఇదే పని చేస్తాండా. నాకే చెప్తావా?"

"రెండుసార్లు కడిగినావు. కడిగిన ప్రతిసారీ లోపల పెట్టింది నీ డిస్కులోదే గదా? దాన్నెవురు చూసినారు?"

నరసింహప్పకు విసుగొచ్చింది. "మాట పెంచొద్దు సువార్తా. సంతకం పెట్టు."

"పెట్టను సార్. పనిలోంచి తీసేస్తే తీసేయండి. చెయ్యని తప్పును నా చేత్తో నేను రాసుకోను."

నిజానికి ఆ పెన్‌డ్రైవ్ మీద ఆమెకూ పూర్తి నమ్మకం లేదు. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు.

"ఇప్పుడు ఫార్మాట్ చెయ్యన్నా. బ్యాకప్ మాత్రం ఎక్కించొద్దు. నాలుగు రోజులు ఉత్త మిషన్ మీదనే పని చేస్తా. నా పెన్‌డ్రైవ్ సార్ ముందరే పెడతా. అయిదో రోజు నీ డిస్కు తీసుకొని రా. తప్పు నాదైతే ఆ పొద్దు సంతకం పెడతా."

నరసింహప్ప సరేనన్నాడు.

ప్రతి ఉదయం ఆమె ఆయన్ని పిలిచి, ఆయన చూస్తుండగానే పెన్‌డ్రైవ్ పెట్టింది. రెండో రోజు ఒక ఫోల్డర్ ఎంతకీ తెరుచుకోలేదు. నరసింహప్ప కళ్లజోడు తుడుచుకున్నాడు. సువార్త కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే తెరుచుకుంది. మిషన్ కాస్త మొరాయించింది, అంతే. నాలుగో రోజు సాయంత్రానికి కొత్తగా ఎక్కించిన పన్నెండు ఊళ్ల వివరాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అయిదో రోజు విజయభాస్కర్ డిస్కు తగిలించాడు. అలవాటు ప్రకారం బ్యాకప్‌లోని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను మొదట ఎక్కించాడు. పది నిమిషాలు కాలేదు. పన్నెండు ఊళ్ల ఫోల్డర్లూ ఒకదాని తర్వాత ఒకటి షార్ట్‌కట్లయిపోయాయి.

అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఈ టైపింగ్ యాడ తెచ్చినావన్నా?" అడిగింది సువార్త.

"నెట్‌లో ఊరికే దొరికింది." గొంతు తగ్గింది.

"ఇంగా ఎన్ని ఆఫీసుల్లో ఎక్కించినావు?"

విజయభాస్కర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర ఆగి, తల పట్టుకున్నాడు.

నరసింహప్ప తెల్ల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేలేమ్మా, అయిపోయింది గదా."

"అయిపోలేదు సార్. రెండోసారి పాడైనప్పుడే కమిటీ రిజిస్టర్‌లో నా నిర్లక్ష్యమని రాసినారు. అది కొట్టేసి, జరిగింది రాయండి."

"మళ్లీ అదంతా ఎందుకమ్మా?"

"నా పేరు ఉండాది సార్ దాంట్లో."

ఆయన రిజిస్టర్ తెప్పించాడు. పాత వాక్యం కొట్టేసి, వైరస్ బ్యాకప్‌లోంచి వచ్చిందని రాసి, సంతకం చేశాడు. సువార్త రెండుసార్లు చదువుకుని, తేదీ కూడా వేయించింది.

కంప్యూటర్‌ను మరోసారి ఫార్మాట్ చేశారు. ఈసారి డిస్కులోంచి సాఫ్ట్‌వేర్ ఒక్కటీ తీసుకోలేదు. కావలసినవి తయారుచేసిన వాళ్ల దగ్గరే కొత్తగా తెచ్చుకున్నారు. నీటిమట్టాల పట్టికలను మాత్రం మరో మిషన్‌లో ఒక్కొక్కటిగా పరీక్షించి ఎక్కించారు. అనుమానమున్న పదకొండు నివేదికలను వదిలేశారు. సువార్త వాటినీ, పోయిన పన్నెండు ఊళ్ల వివరాలనూ కొలతల పుస్తకాల్లోంచి మళ్లీ టైపు చేసింది. పదిహేను రోజులు పట్టింది.

నెల తర్వాత విజయభాస్కర్ చిలమత్తూరు నుంచి ఫోన్ చేశాడు. "సువార్తమ్మా, ఈడ విత్తనాలంగడి బ్యాకప్‌లో కూడా అదే ఉండాది. ఓనరు వినడంలే. ఫార్మాట్ చేసి మొత్తం ఎక్కించి పోమంటాండాడు."

"ఎక్కించనని చెప్పన్నా."

"తిడతాడమ్మా."

"తిట్టనీ. నువ్వు మాత్రం ఎక్కించొద్దు."