లావుదొకటి, సన్నదొకటి

పాట మధ్యలో డ్రమ్ స్టిక్ విరిగితే? పొద్దున్నుంచి రజనికి అదే భయం. నాంపల్లిలోని ఒక హాల్లో ఇవాళ ఒక బ్యాండ్‌కు డ్రమ్మర్‌ను ఎంచుకుంటున్నారు, రజని కూడా వాయించాలి. ఆమె కుడిచేతి స్టిక్ ఇత్తడి సింబల్ అంచుకు తగిలీ తగిలీ కొన కింద పీచు లేచింది.

అందుకే స్నేహితురాలు స్నేహను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లోని వాయిద్యాల దుకాణానికి పరుగెత్తింది. డబ్బాలోని విడి స్టిక్స్‌ను గాజుబల్ల మీద దొర్లించి, వంకర లేనివి రెండు ఏరుకుంది. తొందరలో లావూ బరువూ పోల్చలేదు. చేతుల్లో కుదురుగా అనిపించాయి, అంతే.

హాల్లో స్నేహ వాటిని చూసి అదిరిపడింది. "ఏందే గివి? ఒకటి రోకలి, ఒకటి అగ్గిపుల్ల!"

రజని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నాన్న బిచ్చయ్య డప్పు కొట్టేదీ ఇలాంటి జతతోనే, కుడిచేత సిర్ర అనే లావు కర్ర, ఎడమచేత సన్న పుల్ల. ఆయన దగ్గర నేర్చిన చేతులు కంగారులో ఆ జతనే ఏరుకున్నాయి.

"పాతవాటితోనే కొట్టరాదే?" అంది స్నేహ.

"నడుమల విరుగుతదే. గప్పుడు నేరుగా ఇంటికే."

ఇంతలో పేరు పిలిచారు. చెమటకు స్టిక్స్ జారుతున్నాయి. వేరే దారి లేక, ఆ జతకు సరిపోయే నాన్న డప్పు దరువుతోనే మొదలుపెట్టింది. ఎదుట కూర్చున్నవాళ్లు తలలెత్తారు. నచ్చిందో లేదో ఆ ముఖాల్లో తెలియలేదు. కానీ ఎవరూ ఆపమనలేదు. ఆమె ఇంకాస్త గట్టిగా కొట్టింది.