కత్తికి రాసిన నూనె

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే పెంచలప్రసాద్ కుడిచేతి వేళ్లు రంపం మిషన్ కింద పడి తెగిపోయాయి. అయినా ఎప్పటికైనా మళ్లీ పట్టుకుంటానన్నట్టు, చెక్కుడు కత్తికి తుప్పు పట్టకుండా రోజూ మిషన్ నూనె రాసి గుడ్డలో చుట్టిపెడతాడు.

ఆత్మకూరు కాలేజీలో చదివే కూతురు చైత్ర ఒకరోజు సీసాలో కాలవ నీళ్లు తెచ్చింది. అడుగున సన్నటి గోధుమరంగు పురుగొకటి పాకుతోంది.

“దీన్ని ప్లనేరియా అంటారు నాయనా. రెండుగా కోస్తే తల ముక్కకి తోక, తోక ముక్కకి తల మొలుస్తాది.”

“మళ్లీ కొత్తగానా?”

“ఆ, కళ్లతో సహా.”

“అయితే నేనే కోస్తా” అంటూ ఎడమచేత్తో కత్తి తీశాడు. అలవాటు లేని చెయ్యే అయినా పురుగు సరిగ్గా సగానికి తెగింది. ముక్కల్ని నీళ్లలో వదిలి, ఆ పూటంతా సీసా ముందు నుంచి కదల్లేదు.

తెల్లారేసరికి రెండు ముక్కలూ కరిగిపోయి ఉన్నాయి. నీళ్ల మీద నూనె తెట్టు మెరుస్తోంది.

“కత్తికి నూనె ఉండాది కదా నాయనా, అది చంపేసింది. ఇంకోటి తెస్తాలే.”

“వద్దులేమ్మా.”

పెంచలప్రసాద్ కత్తికున్న నూనెనంతా పంచె చెంగుతో శుభ్రంగా తుడిచేశాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి, నీళ్ల తొట్టి పక్కన తడిలో పెట్టి వచ్చాడు.