రోకలెక్కిన కలెక్టరు

ఆగండాగండి, ఎక్కడికీ పోకండి. కాస్త కుదురుగా కూర్చుని ఇది వినండి. ఆంజనేయులికి ఆరోజు బస్సులో వచ్చిన చిక్కు ఎవరికైనా రావచ్చు, ఒళ్లో కప్ప ఉంటే చాలు.

ఎనభై మూడో సంవత్సరం. జూన్ సగం అయిపోయినా అనంతపురం జిల్లాలో చినుకు లేదు. ఆంజనేయులు హైదరాబాదు కుర్రాడు, బీయస్సీ చదువుతున్నాడు, జువాలజీ అంటే ప్రాణం. సెలవుల్లో స్నేహితులంతా మార్నింగ్ షోల చుట్టూ తిరుగుతుంటే వాడు మాత్రం జీతం భత్యం లేకుండా బెళుగుప్ప దగ్గర ఎండిపోయిన కుంటలో పార పట్టుకుని తవ్వాడు. నీళ్లు లేని కాలంలో కప్పలు నేలలో ఎక్కడ దాక్కుంటాయో చూడాలని వాళ్ల సారు పెట్టిన క్యాంపు అది. అందరికీ తేళ్లు దొరికాయి, ఒకడికి ఎవరిదో తెగిన చెప్పు దొరికింది, ఆంజనేయులికి మాత్రం మైసూరు బోండాలా గుండ్రంగా, మట్టి రంగులో, బతికున్న కప్ప దొరికింది! ఎవరు పిలిచినా పలకదు, పొట్ట ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంటుంది. అందుకని క్యాంపులో దానికి కలెక్టరని పేరు పెట్టారు.

సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి దాన్ని చూశారు. "ఈ జాతి ఈ జిల్లాలో ఉన్నట్టు ఎవరూ రాయలేదోయ్. ఇది ప్రాణాలతో మన ల్యాబుకి చేరితే, అచ్చయ్యే వ్యాసంలో నా పేరు పక్కన నీ పేరు" అన్నారు.

అచ్చులో పేరు! ఆంజనేయులికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో జీపు నిండా గుడారాలు, పారలు, పెట్టెలు. "కప్పని నువ్వు బస్సులో తెచ్చెయ్, అనంతపురం స్టేషన్లో కలుద్దాం" అని సారు వెళ్లిపోయారు. అలా వాడు తడిమట్టి నింపిన బిస్కెట్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఎండకి తోలూడిన ముక్కుతో, ప్రపంచాన్ని జయించిన మొహంతో ఎర్రబస్సెక్కాడు.

బస్సు పొయ్యి మీద పెనంలా ఉంది. మట్టి ఆరిపోతోంది. వాడు తన సీసాలో మిగిలిన నీళ్లు తాగకుండా డబ్బాలో పోశాడు. పక్కన తమలపాకు నములుతున్న ముసలామె, పేరు తిప్పమ్మ, నమలడం ఆపేసింది.

"ఏమప్పా, తాగే నీళ్లు డబ్బాకు పోస్తాండావు. డబ్బాకు దప్పికైతాందా?"

"డబ్బాకి కాదవ్వా, లోపల కప్పుంది."

అనకూడని మాట అదే. బస్సులో సగం మంది ఆడవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

"బతికిందేనా?" అంది ముందు సీట్లోంచి మారెక్క, తిప్పమ్మ కోడలు.

"ఆ, బతికిందే."

"అత్తా, కప్పంట. బతికిందంట."

"వినపడ్నాదిలే, నాకేమి చెవుడా" అని తిప్పమ్మ వాడి వైపు జరిగింది. "నాయనా, వాన కోసరం కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పల్ల. ఊరంతా గాలించినాము, ఒగ కప్పా లేదు. మొన్న రాగిసంగటితో కప్పను చేసి కట్టినాము. రెండో ఇంటికాడనే కుక్క ఎత్తకపోయినాది."

"తిన్నంక ఆ కుక్క మా ఇంటికాడే పండుకొనుండాది, ఇంగొగటి చేస్తారేమోనని" అంది మారెక్క.

ఆంజనేయులు డబ్బాని రెండు చేతులా పొదువుకున్నాడు. సారు గురించి చెప్పాడు, వ్యాసం గురించి చెప్పాడు, కప్పని తిప్పితే వాన ఎందుకు రాదో గాలిలో వేలితో మబ్బులు గీసి మరీ చెప్పాడు. తిప్పమ్మ శ్రద్ధగా విన్నది. "అంతా బాగుండాది. ఇంగ దిగు, మా ఊరొచ్చినాది" అంది.

వాడు కండక్టరు ఓబులేసు వైపు ఆశగా చూశాడు. "అన్నా, నువ్వైనా చెప్పన్నా."

"నేనేం చెప్పల్లప్పా? నాకూ చేను ఉండాది. చెనిక్కాయ విత్తనం ఇంట్లో మూలుగుతాంది. డ్రైవరన్నా, టీ తాగొద్దామా?"

డ్రైవరు అప్పటికే దిగి టీ కొట్టు వైపు నడుస్తున్నాడు.

ఆంజనేయులు షరతులు పెట్టాడు: కప్పని తాడుతో బిగించకూడదు, తడిగుడ్డలో వదులుగా చుట్టాలి, తను పక్కనే ఉండాలి. "పక్కనెందుకు, నువ్వే మొయ్యి" అని రోకలి ఒక కొస వాడి భుజాన పెట్టింది మారెక్క. రెండో కొస తను ఎత్తుకుంది. నడుమ వేపాకుల మధ్య, పసుపు బొట్టుతో, కలెక్టరు ఊగుతున్నాడు.

ప్రతి గడప దగ్గరా చెంబుడు నీళ్లు. ఆ ఊళ్లో ఒక్క బావిలోనే అడుగున ఊట ఉందట, అయినా ఎవరూ కాదనలేదు. కప్ప మీద కొన్ని, వాడి నెత్తిన చాలా పడ్డాయి. "కావాలనే నా మీద పోస్తున్నారా?" అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు గూడా పొద్దున్నుంచి తడవనట్టుండావులే" అన్నదొకామె.

ఊరి చివరి ఇంటి దగ్గర కలెక్టరు గొంతు ఉబ్బింది. ఒక్కసారి, పాత స్కూటరు స్టార్టయినట్టు, "ట్ర్ర్ర్" అన్నాడు. క్యాంపులో ఎవరూ వినని గొంతు! ఆంజనేయులు ఆనందంతో రోకలి వదిలేయబోయాడు. వ్యాసంలో కప్ప కూత గురించి ఒక పేరా తనే రాయొచ్చు. కప్పని గుడ్డలోంచి తీసి, దోసిట్లో పట్టుకుని, డబ్బా కోసం చూశాడు.

డబ్బా లేదు. అందులోని తడిమట్టిని తిప్పమ్మ అప్పుడే బావి పక్కన తవ్విన చిన్న గుంటలో కుమ్మరిస్తోంది.

"ఇదేంటవ్వా?"

"ఈడ వదుల్నాయనా. ఊరంతా నీళ్లు పోసినాక కప్పను ఊరు దాటిస్తారా ఎవురైనా? మా వాన గూడా దానెంబడే పోతాది."

"ముందే చెప్పలేదేం?"

"నువ్వు అడగల్యా. అందరికీ తెలిసిందే కదప్పా."

అటు బస్సు హారన్ మోగుతోంది. ఇంకో గంటలో సారు స్టేషన్లో గాజుతొట్టితో నిలబడి ఉంటారు. ఇటు ఖాళీ చెంబులు పట్టుకుని ఊరి ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు, ఒక్కరూ అరవడం లేదు, లాక్కోవడం లేదు, వాడి దోసిలి వైపు చూస్తున్నారంతే. సరిగ్గా అప్పుడు వాడి మెడ మీద ఒక చుక్క పడింది. తడిసిన జుట్టులోంచి జారిందో, పైనుంచి పడిందో వాడికి తెలియలేదు. తిప్పమ్మకి మాత్రం బాగా తెలిసినట్టే ఉంది, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

దోసిట్లో కలెక్టరు మళ్లీ ఒకసారి "ట్ర్ర్ర్" అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆ దోసిలి మీదైతే మీరేం చేసుండేవాళ్లు?