జిప్పుల బాబాయి బ్లాగు

జిప్పులు బాగుచేసే బాబాయికి లోకం మీద ఒకటే కోపం. జిప్పు నోరు తెరిస్తే చాలు, బంగారంలాంటి సంచీని తీసుకెళ్ళి చెత్తలో పారేస్తారు. నిజానికి పాడయ్యేది పళ్ళు కాదు, వాటి మీద పైకీ కిందికీ నడిచే రన్నరు. పట్టకారుతో దాన్ని రెండు పక్కలా సుతారంగా నొక్కితే మళ్ళీ చక్కగా పనిచేస్తుంది. ఈ సంగతి కనబడినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ, చివరికి ఆయన్ని చూస్తే జనం పక్కసందులోకి తప్పుకునే దాకా వచ్చింది. అప్పుడు కూతురు ఆయనకో బ్లాగు పెట్టింది. ఆయన చెప్తాడు, ఆమె టైపు చేస్తుంది. పక్కనే ప్రకటనలు కూడా పెట్టించింది. చదవడానికి వచ్చినవాళ్ళు నచ్చి వాటి మీద నొక్కితే, ప్రకటనల కంపెనీ కొంత డబ్బు ఇస్తుంది.

బాబాయి కొట్టు గోడకు అవతలి కళ్ళజోళ్ళ దుకాణం ఆయన అన్నగారిది. ఆయన ఈ సంగతి విని పడీ పడీ నవ్వాడు.

“జిప్పుల గురించి ఎవడు చదువుతాడ్రా? నీ నస భరించలేక మేం చస్తుంటే, ఇక ఫోన్లలో కూడానా?”

బాబాయి కూడా పైకి నవ్వేశాడు గానీ, లోపల ముల్లు గుచ్చుకున్నట్టే అయింది. డబ్బు కోసం ఆయనకు బెంగ లేదు, జిప్పులతోనే ఇల్లు సాఫీగా నడుస్తోంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కడు తన మాట చదివి, పారేయబోయిన సంచీని వెనక్కి తెచ్చుకుంటే చాలు. అలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నదే ఆయన దిగులు.

ఉన్నారనే తేలింది! మొదటి వారం నుంచే ప్రకటనల మీద నొక్కుళ్ళు వానలా కురిశాయి. “నవ్విన నాపచేనే పండిందండీ,” అంది భార్య. బాబాయి నేల మీద నిలవలేదు. బ్లాగుకి చెప్పేముందు తల దువ్వుకోవడం కూడా మొదలుపెట్టాడు. ఎవరు చూస్తారని అడిగితే, “చదివేవాళ్ళకి మర్యాద ఇవ్వద్దూ?” అనేవాడు.

ఒకరోజు కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. కూతురు చదివి మొహం మాడ్చుకుంది. నొక్కుళ్ళన్నీ ఒకే చోటి నుంచి, పదే పదే అవే ఫోన్ల నుంచి వస్తున్నాయట. సొంతవాళ్ళు నొక్కితే మోసమట. నెల రోజులు ప్రకటనలు ఆపేస్తున్నారట.

“ఎవరు నొక్కారు?” అని గట్టిగా అడిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తల్లి గబుక్కున ఫోన్ దిండు కింద దాచేసింది. “పొయ్యి దగ్గర ఊరికే నించునే బదులు నాలుగు నొక్కాను. మీ నాన్న మొహంలో ఆ వెలుగు చూసి నీకెలా అనిపించిందో గానీ, నాకు మాత్రం చెయ్యి ఆగలేదే!”

“అమ్మా, నీవి నాలుగే. మిగతావన్నీ వేరే ఫోన్ నుంచి.”

గుమ్మంలో నిలబడ్డ అన్నగారు దగ్గాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

“నువ్వా అన్నయ్యా!” అన్నాడు బాబాయి.

“నిన్ను నేననొచ్చురా. నువ్వు రాసింది ఎవడూ చూడలేదని ఊళ్ళోవాళ్ళు నవ్వితే నేను వినాలా? అందుకే బేరం లేనప్పుడల్లా నొక్కాను.”

“మరి చదివావా?”

“నొక్కడానికే తీరిక చాలలేదు, ఇంక చదవడం కూడానా!”

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. బాబాయికి మాత్రం నవ్వు రాలేదు. అన్న ప్రేమకు కళ్ళు చెమర్చిన మాట నిజమే, కానీ తను దువ్వుకున్న తల అన్న కోసం, పెళ్ళాం కోసమేనా? ఆ రోజు బ్లాగు ఊసెత్తలేదు.

మర్నాడు ఒక గిరాకీ వచ్చి, మాటల్లో మాటగా కొత్త సూట్‌కేసు కొన్నానన్నాడు. పాతది ఏమైందంటే, జిప్పు ఇరుక్కుంది, పారేశానన్నాడు. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. “అమ్మాయ్, ఇలా రా! టైపు చెయ్యి. ఇరుక్కున్న జిప్పుకి కొవ్వొత్తి ఎలా రుద్దాలో చెప్తా!” ఆ కోపంలో దిగులు ఎటు పోయిందో ఆయనకే తెలియదు. నెల పొడుగునా చెప్తూనే ఉన్నాడు.

గడువు తీరి ప్రకటనలు తిరిగొచ్చాయి. భార్య బ్లాగు వైపే చూడలేదు. అన్నగారు ఫోన్‌ని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి తమ్ముడి చేతికే ఇచ్చాడు. మరో నెల గడిచాక అందరూ కూతురి చుట్టూ మూగి లెక్క చూశారు.

“ఇంతేనా!” అన్నాడు అన్నగారు. “రెండు టీలకి కూడా రాదు కదరా. కొండను తవ్వి ఎలుకను పట్టావు.”

“నువ్వు నొక్కలేదు కదా అన్నయ్యా?”

“ఒట్టు రా. తాళంచెవి నీ దగ్గరే ఉందిగా.”

“మరి నువ్వో?” అన్నాడు భార్య వైపు తిరిగి.

“మీ మీద ఒట్టండీ.”

“నేనూ నొక్కలేదు నాన్నా,” అంది కూతురు, అడగకుండానే.

బాబాయి ఆ చిన్న అంకెను వేలితో తడిమాడు. మొహం విచ్చుకుంది. అన్నగారి భుజాలు రెండూ పట్టుకుని, కళ్ళజోడు జారిపోయేలా ఊపేశాడు.

“అన్నయ్యా! వీళ్ళలో ఒక్కడు కూడా మన చుట్టం కాదు!”